లేటెక్స్ దిండు కొనేముందు కొలవాల్సింది మీ భుజాన్ని

లేటెక్స్ (రబ్బరు పాల నురగతో చేసిన) దిండు కావాలని దుకాణంలో అడిగితే "మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా?" అంటారు. ఆ ప్రశ్న తర్వాత రావాలి. ముందు తేలాల్సింది ఎత్తు. మెడనొప్పికి దిండు మార్చి నిరాశపడేవాళ్లలో ఎక్కువమంది మంచి సరుకే కొంటారు, ఎత్తు మాత్రం తప్పు కొంటారు. 12 సెంటీమీటర్ల దిండు కావాల్సిన మనిషి 8 సెంటీమీటర్లది తెచ్చుకుంటే, అది ఎంత స్వచ్ఛమైన రబ్బరు పాలతో చేసినదైనా పొద్దున లేచేసరికి మెడ పట్టేసే ఉంటుంది.

అసలు దిండు చేయాల్సిన పని చాలా చిన్నది. వెల్లకిలా పడుకుంటే మెడ వెనక ఉండే వంపు కింద కాస్త ఖాళీ మిగులుతుంది, దాన్ని నింపాలి. పక్కకు తిరిగి పడుకుంటే భుజం అంచు నుంచి చెవి దాకా ఉన్న దూరాన్ని పూరించాలి. ఈ రెండో దూరం మనిషి మనిషికీ మారుతుంది. అందుకే భార్యాభర్తలకు ఒకే జత దిండ్లు కొనడం అందానికి బాగుంటుంది గానీ మెడకు కాదు.

లేటెక్సే ఎందుకంటే, ఒత్తినంతసేపూ తిరిగి పైకి నెడుతూ ఉండటం రబ్బరు గుణం. బూరుగు దూది దిండు మొదటి నెల హాయిగా ఉంటుంది, తర్వాత తల పెట్టే చోట గుంటపడి పక్కలకు ఉండలు కడుతుంది, మళ్లీ ఏకించాల్సిందే. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడి చలికి బిగుసుకుంటుంది: మే నెలలో రెంటచింతలలో ఒకలా, జనవరిలో ఆదిలాబాద్‌లో ఇంకోలా ఉంటుంది. లేటెక్స్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్ల మీద ఆస్ట్రేలియాలో జరిగి 2009, 2010లలో వెలువడ్డ అధ్యయనాల్లో నిద్ర లేచాక మెడనొప్పి, తలనొప్పి విషయంలో లేటెక్స్ దిండు మెరుగని తేలింది, ఈకల దిండు అన్నిటికన్నా వెనకబడింది. అదే పరిశీలనలో మెడ వంపుతో చేసిన ఫోమ్ దిండు మామూలు ఆకారపు ఫోమ్ దిండుకన్నా మేలనేమీ కనిపించలేదు. వంపు ఆకారానికి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టేముందు ఈ మాట గుర్తుంచుకోవచ్చు.

ముందు ఇంట్లో కొలత

దుకాణంలో ఐదు నిమిషాలు పడుకుని చూస్తే ఏదీ తేలదు. అక్కడి పరుపు వేరు, మీ పరుపు వేరు. కాబట్టి కొలత మీ మంచం మీదే తీయాలి. కావలసినవి: నాలుగైదు పాత నూలు దుప్పట్లు లేదా పెద్ద తువ్వాళ్లు, ఒక స్కేలు, ఫోను, ఫొటో తీయడానికి ఇంకో మనిషి.

దుప్పట్లను సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా మడతపెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చండి. రాత్రి ఎక్కువసేపు ఏ వైపు పడుకుంటారో ఆ వైపే తిరిగి పడుకోండి. భుజం పరుపు మీద ఉండాలి, దొంతర మీద కాదు. దొంతర అంచు మెడకూ భుజానికీ మధ్యనున్న ఒంపులోకి సర్దుకోవాలి. పది నిమిషాలు అలాగే ఉన్నాక, పక్కనున్నవాళ్లు ఫోనును పరుపు ఎత్తులోనే పట్టుకుని వెనకనుంచి ఫొటో తీయాలి. నిలబడి పైనుంచి తీస్తే తల వంగినట్టు కనిపించి మోసం చేస్తుంది. ఫొటోలో తల వెనక మధ్యభాగం, మెడ, వెన్ను ఒకే గీత మీద ఉండాలి. తల పరుపువైపు వాలితే ఇంకో మడత కలపండి, పైకప్పువైపు లేస్తే ఒకటి తీసేయండి.

వెల్లకిలా పడుకునేవాళ్లకు ఫొటో కూడా అక్కర్లేదు. కళ్లు తెరిచి మామూలుగా చూస్తే నెత్తిమీది పైకప్పు తిన్నగా కనబడాలి. చూపు కాళ్లవైపు గోడ మీద పడుతోందంటే ఎత్తు ఎక్కువైంది, గడ్డం ఛాతీవైపు ఒత్తుకుంటోంది. తల వెనక గోడ కనిపిస్తోందంటే తక్కువైంది.

సరిగ్గా కుదిరాక, తల దొంతర మీద ఉండగానే, పరుపు పైభాగం నుంచి తల ఆనిన చోటుదాకా స్కేలుతో కొలవమనండి. ఇది తల బరువు పడ్డాక మిగిలిన ఎత్తు. పక్కకు పడుకునే చాలామందికి ఇది 8 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య వస్తుంది, వెల్లకిలా పడుకునేవాళ్లకు 5 నుంచి 8 మధ్య.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మనిషి తల నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది. ఆ బరువుకు మధ్యరకం లేటెక్స్ సుమారు పావు వంతు కుంగుతుంది, బాగా మెత్తనిదైతే మూడో వంతు. దుకాణంవాళ్లు చెప్పేది కుంగకముందు ఎత్తు. కాబట్టి మీకు వచ్చిన కొలతను 4తో హెచ్చించి 3తో భాగించండి. 9 వస్తే 12 సెంటీమీటర్ల దిండు, 6 వస్తే 8 సెంటీమీటర్లది. మెత్తనిదే కావాలనుకుంటే ఒకటిన్నర రెట్లు తీసుకోండి: 9కి 13 లేదా 14.

ఈ లెక్క మీ పరుపుకు మాత్రమే పనికొస్తుంది. కొబ్బరి పీచు పరుపు మీదా, నేల మీద బొంత పరుచుకునీ పడుకునేవాళ్లకు భుజం కిందికి దిగదు, అందుకని దిండు ఎత్తుగా కావాలి. మెత్తటి ఫోమ్ పరుపులో భుజం రెండు మూడు సెంటీమీటర్లు మునుగుతుంది, ఆ మేరకు దిండు తగ్గాలి. పరుపు మార్చిన నెలలోనే మెడనొప్పి మొదలైందంటే తప్పు పాత దిండుది కాకపోవచ్చు, కొలత మారింది అంతే.

ఇంకొక సంగతి చాలామంది లెక్కలో వేసుకోరు: జుట్టు ముడి. ఒత్తైన జుట్టును ముడి చుట్టుకుని వెల్లకిలా పడుకుంటే తల రెండు మూడు సెంటీమీటర్లు లేచిపోతుంది. రాత్రిపూట జడ వేసుకుని పక్కకు వదిలేసేవాళ్లు అలాగే కొలుచుకోవాలి, ముడితో కొలవకూడదు.

పక్కకూ, వెల్లకిలా రెండూ పడుకునేవాళ్లు పక్కకు వచ్చిన ఎత్తులోంచి ఒక సెంటీమీటరు తగ్గించుకుంటే చాలావరకు సరిపోతుంది. బోర్లా పడుకునేవాళ్లకు చెప్పగలిగింది తక్కువ. గంటల తరబడి మెడ ఒక పక్కకు మెలితిరిగి ఉంటుంది, దాన్ని ఏ దిండూ సరిచేయలేదు. తల కింద దిండు తీసేసి పొట్ట కింద పల్చటిది పెట్టుకుంటే నడుముకు కొంత ఊరట. పొడవాటి దిండొకటి కావలించుకుని పక్కకు తిరిగే అలవాటు చేసుకోవడం ఇంకా మంచిది.

సరుకు గురించి

లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాలు. మన దేశంలో ఎక్కువగా కేరళ నుంచి వస్తుంది, తర్వాత త్రిపుర. పాలను చిక్కబరిచి, నురగ వచ్చేదాకా గిలకొట్టి, అచ్చులో పోసి, ఆవిరితో ఉడికించి గట్టిపరుస్తారు. 1929లో బ్రిటన్‌లో డన్‌లప్ కంపెనీలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది, పేరు కూడా అదే. మన బజారులో దొరికే దిండ్లలో ఎక్కువ భాగం డన్‌లప్ రకమే. రెండోది టాలలే: అచ్చులో నురగను శూన్యంతో పొంగించి, గడ్డకట్టించి, కార్బన్ డయాక్సైడ్ పంపి, ఆ తర్వాత ఉడికిస్తారు. ఇది కాస్త తేలిక, మెత్తన, అంతటా ఒకేలా ఉంటుంది, ధర ఎక్కువ. అమెరికాలో ఉన్నవాళ్లకు తేలిగ్గా దొరుకుతుంది. మెడకు ఆసరా విషయంలో డన్‌లప్‌ను తక్కువ చేయాల్సిన పనిలేదు. ఎత్తు సరిపోతే రెండూ పనిచేస్తాయి.

అసలు మోసం జరిగేది వేరే చోట. పెట్రోలియం నుంచి చేసే కృత్రిమ లేటెక్స్ ఒకటుంది, దాన్ని సహజ లేటెక్స్‌తో కలిపి అమ్మడం మామూలే. అది తప్పేం కాదు, చెప్పి అమ్మితే. చెప్పకుండా అమ్మేవాళ్లున్నారు. అంతకన్నా ఘోరం, మామూలు పాలీయురేథేన్ ఫోమ్‌కు చిల్లులు పొడిచి లేటెక్స్ అని అంటగట్టడం. పూర్తిగా సహజమైన లేటెక్స్ దిండులో కూడా గట్టిపరచడానికి గంధకం, జింక్ ఆక్సైడ్ వంటివి కొద్దిగా కలుస్తాయి, కాబట్టి "నూటికి నూరు శాతం" అన్న అక్షరాలకు మరీ పొంగిపోవద్దు. గోల్స్ అనే సేంద్రియ లేటెక్స్ ప్రమాణం కూడా 95 శాతమే అడుగుతుంది. ఓకో-టెక్స్ గుర్తు హానికర రసాయనాల పరీక్షకు సంబంధించినది, సహజమా కృత్రిమమా అన్నది అది చెప్పదు. ఈ రెంటినీ ఒకటే అన్నట్టు చూపించే అమ్మకందార్లకు కొదవలేదు.

నమ్మదగిన పరీక్ష తూకం. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 12 ఎత్తు ఉన్న దిండు, అంచులు గుండ్రంగా ఉన్నా, చిల్లులున్నా, సుమారు ఒక కిలో పావు నుంచి కిలోన్నర తూగుతుంది. అదే కొలతల దిండు అరకిలో, ముప్పావు కిలో ఉందంటే అనుమానించండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బరువు రాయని దిండును వదిలేయడమే మేలు.

దుకాణంలోనైతే గలీబు జిప్పు తీసి లోపలి దిండును చూపించమనండి. లేటెక్స్ మీగడ రంగులో ఉంటుంది, వేలికి కొద్దిగా పట్టుకున్నట్టనిపిస్తుంది, గుప్పిటతో నొక్కి వదిలితే ఆ క్షణమే లేస్తుంది. చేతి గుర్తు నెమ్మదిగా మాయమవుతుంటే అది మెమరీ ఫోమ్. కొత్త లేటెక్స్‌కు రబ్బరు వాసన ఉంటుంది, నీడలో గాలికి పెడితే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కళ్లు మండేలా ఘాటుగా ఉండి రెండు వారాలైనా పోకపోతే వెనక్కిచ్చేయండి. నిప్పంటించి చూసే పరీక్ష గురించి కొందరు చెబుతారు, దాని జోలికి పోవద్దు.

బ్యాంకాక్, పట్టాయా యాత్రలకు వెళ్లిన మనవాళ్లను కూడా బస్సులో నేరుగా లేటెక్స్ దుకాణానికి తీసుకెళ్తుంటారు. ప్రపంచంలో సహజ రబ్బరు ఎక్కువగా పండించేది థాయిలాండే కాబట్టి సరుకు అక్కడ దొరకడంలో వింత లేదు. కానీ ఎత్తు కుదరకపోతే మళ్లీ వెళ్లి మార్చుకోలేం. కొలత కాగితం జేబులో ఉంటేనే అక్కడ కొనండి.

ఆకారం, గలీబు

మామూలు దీర్ఘచతురస్రం, మెడ వంపుతో ఉన్నది, ముక్కలు నింపినది అని మూడు రకాలు. వంపు దిండులో ఒక అంచు ఎక్కువ ఎత్తు, రెండోది తక్కువ ఉంటాయి, ఉదాహరణకు 12, 10. ఎత్తైన అంచు తల కింద పెట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. ఆ ఉబ్బు మెడ కిందికి రావాలి, తల వెనకున్న పల్లంలో ఆనాలి. ముందు తక్కువ ఎత్తు అంచుతో మొదలుపెట్టి, వారం తర్వాత అవసరమైతే తిప్పుకోండి. రాత్రంతా అటూ ఇటూ దొర్లేవాళ్లకు ఈ ఆకారం కుదరదు, పల్లంలోంచి తల జారుతూనే ఉంటుంది.

ఎత్తు విషయంలో తేల్చుకోలేకపోతే ముక్కలు నింపిన దిండు మంచిది. లోపలి సంచికి విడిగా జిప్పు ఉండాలి, అప్పుడే రెండు గుప్పిళ్లు తీసి కవరులో దాచుకోవచ్చు. అయితే ముక్కలు పక్కలకు జరుగుతాయి, రోజూ దులిపి సర్దుకోవాలి.

మన దగ్గర దొరికే గలీబులు ఎక్కువగా 17, 27 అంగుళాలవి. 40, 60 సెంటీమీటర్ల దిండు అంగుళాల్లో దాదాపు 16, 24. కాస్త వదులుగా ఉంటుంది, మిగిలింది లోపలికి మడిచేస్తే సరి. బిగుతు గలీబు అంతకన్నా ప్రమాదం: దిండును ఒత్తేసి మధ్యలో ఉబ్బేలా చేస్తుంది, ఎత్తు లెక్కంతా పోతుంది. తొడిగేటప్పుడు మూలలు పట్టి లాగితే లేటెక్స్ చిరుగుతుంది. గలీబును తిరగేసి దిండు మీదికి జరుపుకుంటూ ఎక్కించాలి.

నడుంనొప్పికి

తల కింద దిండు నడుంనొప్పిని పెద్దగా తగ్గించదు. ఈ మాట దిండ్ల ప్రకటనల్లో ఉండదు. నడుముకు పనికొచ్చేది రెండో దిండు. పక్కకు పడుకుంటే రెండు మోకాళ్ల మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన దిండు, చీలమండల దాకా ఉంటే ఇంకా మంచిది. పైకాలు ముందుకు వాలినప్పుడు తుంటి, దానితోపాటు నడుము మెలితిరగకుండా అది ఆపుతుంది. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద ఒకటి పెట్టాలి, నడుము పరుపుకు కాస్త దగ్గరగా ఆనుతుంది. దీనికి కొత్త లేటెక్స్ అక్కర్లేదు, ఇంట్లో పక్కన పడేసిన బూరుగు దూది దిండు చాలు.

మొదటి రెండు వారాలు

పాత దిండుకు అలవాటుపడిన మెడకు కొత్త ఎత్తు మొదట్లో వింతగా ఉంటుంది. మూడు నాలుగు రోజులు రాత్రి సగం సేపు దీని మీద, సగం పాతదాని మీద పడుకోవచ్చు. రెండు వారాలకూ కుదరకపోతే ఎక్కడ నొప్పి అన్నది చూడండి. పక్కకు పడుకునేవాళ్లకు కింది భుజం నొప్పిగా, చెయ్యి తిమ్మిరిగా ఉంటే దిండు తక్కువై భుజం మీద బరువు పడుతోందన్నమాట, లేదా భుజం కూడా దిండెక్కుతోంది. పైవైపు మెడ కండరం పట్టేస్తే ఎత్తు ఎక్కువై ఉండొచ్చు. వెల్లకిలా పడుకునేవాళ్లకు తల వెనక, పుర్రె మొదట్లో నొప్పి వస్తే మెడ కింద ఆసరా చాలట్లేదు.

తక్కువైతే ఉపాయం తేలిక: తువ్వాలు మడిచి గలీబులో, దిండు అడుగున పెట్టండి, పైన కాదు. మామూలు స్నానపు తువ్వాలు నాలుగు మడతలకు ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా కలిసొస్తుంది. ఎక్కువైతే మాత్రం మార్చుకోవడమే. లేటెక్స్‌ను ఇంట్లో కత్తితో సమంగా కోయడం సాధ్యం కాదు. తెరిచిన దిండ్లను శుభ్రత పేరు చెప్పి వెనక్కి తీసుకోని దుకాణాలే ఎక్కువ, కాబట్టి కొనేముందే ఎన్నాళ్లలో మార్చిస్తారో బిల్లు మీద రాయించుకోండి.

నొప్పి చేతిలోకి దిగడం, వేళ్లలో తిమ్మిరి నిలిచిపోవడం, వస్తువులు చేతిలోంచి జారడం, నడకలో తూలు, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మూత్రం మీద అదుపు తప్పడం: వీటిలో ఏది ఉన్నా దిండు సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రబ్బరు తొడుగులు, బెలూన్లు తగిలితే దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు లేటెక్స్ కొనొద్దు. అరటి, అవకాడో, కివి పండ్లు పడనివాళ్లలో కొందరికి లేటెక్స్ కూడా పడదు, వాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఏడాదిలోపు పసిపిల్లలకు లేటెక్సే కాదు, ఏ దిండూ వద్దు.

ఎండ, నూనె, తడి జుట్టు

మన ఇళ్లలో పడక సామానుకు చేసే ఉపచారమే లేటెక్స్‌కు శత్రువు. దూది దిండ్లను వారానికోసారి డాబా మీద ఎండేసే అలవాటు దీనికి పనికిరాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రబ్బరు పసుపు రంగుకు తిరిగి, పెళుసెక్కి, పొడి రాలుతుంది. కిటికీలోంచి రోజూ ఎండ పడే చోటైనా అంతే. నెలకోసారి గలీబు తీసి, నీడలో, ఫ్యాను కింద నాలుగైదు గంటలు బల్లపరుపుగా పెడితే చాలు. తీగ మీద వేలాడదీస్తే సొంత బరువుకే సాగిపోతుంది.

తలకు నూనె పెట్టుకునే అలవాటుంటే రెండు తొడుగులు తప్పనిసరి. సహజ రబ్బరు నూనెను పీల్చుకుని ఉబ్బుతుంది, జిగటగా మారుతుంది. కొబ్బరి నూనె కూడా ఇందుకు మినహాయింపు కాదు. లోపల ఒత్తుగా నేసిన నూలు గలీబు, పైన మామూలుది వేసి, పైదాన్ని మూడు నాలుగు రోజులకోసారి ఉతకండి. బాగా నూనె పట్టించిన రాత్రి పైన తువ్వాలు పరుచుకోండి. తలంటుకుని తడి జుట్టుతో పడుకోవడం ఇంకా చేటు: చిల్లుల్లోకి దిగిన తేమ బయటకు రావడానికి రోజులు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో అయితే లోపలే బూజు వాసన మొదలవుతుంది.

వాషింగ్ మెషీన్‌లో అసలు వేయొద్దు. నీళ్లు తాగిన లేటెక్స్ చాలా బరువెక్కుతుంది, తిప్పుడుకు ముక్కలవుతుంది. మరక పడితే సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టాలి. హెయిర్ డ్రయ్యరు, ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వొద్దు.

ఏడాదికోసారి దిండును బల్ల మీద పెట్టి, పైన అడ్డంగా స్కేలు పెట్టి చూడండి. మధ్యలో కొత్తగా ఒక సెంటీమీటరుకు మించి పల్లం కనిపిస్తే, లేదా గలీబు దులిపినప్పుడు పసుపు పొడి రాలితే దాని పని అయిపోయినట్టే. పొడి రాలేదాన్ని పారేయండి. పల్లం మాత్రమే పడినదైతే మోకాళ్ల మధ్య పెట్టుకోవడానికి ఇంకో రెండేళ్లు వస్తుంది.